దీవులకు దీటైన తీరాలు మన నేల మీదా ఉన్నాయి

సంపాదకులు గారికి నమస్కారాలు.

వేసవి సెలవులు దగ్గర పడుతున్న కొద్దీ పత్రికల విహార పుటల్లో మాల్దీవులు, అండమాన్, లక్షద్వీప్ గురించిన వ్యాసాలు వరుసగా వస్తున్నాయి. తిరుపతిలో ఏ ట్రావెల్స్ ఆఫీసు అద్దం మీద చూసినా అదే నీలాకుపచ్చ నీళ్లు, ఆ నీళ్ల మీదికి వేసిన అదే చెక్క వంతెన. ఆ దీవులు అందమైనవి కావని నేను అనడం లేదు; తాహతు, తీరిక ఉన్నవారు తప్పక చూడవలసినవే. అయితే ఆ బొమ్మలు చూసి చూసి, మంచి సముద్ర తీరమంటే దీవిలోనే ఉంటుందని, మన ఒడ్డున బురద నీళ్లు, జనం, చెత్త తప్ప మరేమీ లేవని చదువుకున్నవారు సైతం నమ్మే స్థితి వచ్చింది. ఇంకోవైపు సెల్‌ఫోన్ వీడియోలు చేసేవారు ప్రతి ఇసుక మేటనూ మాల్దీవులతో పోల్చి, తీరా అక్కడికి వెళ్లినవారిని ఉసూరుమనిపిస్తున్నారు. ఈ రెండింటి మధ్య అసలు సంగతి మరుగున పడిపోతోంది. దీవులకు సాటి వచ్చే తీరాలు మన ప్రధాన భూభాగంలో ఉన్నాయి. కాకపోతే అవి ఏ విషయంలో సాటి వస్తాయో, ఏ నెలల్లో సాటి వస్తాయో తెలుసుకుని వెళ్లాలి. ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసినవాడిని కనుక ఈ విషయాన్ని కాస్త విపులంగా రాయడానికి అనుమతి కోరుతున్నాను.

ముందు నీటి రంగు సంగతి చూద్దాం, ఎందుకంటే ఎక్కువమంది దీవికి పరుగెత్తేది దాని కోసమే. సూర్యకాంతిలోని ఎరుపును నీరు తొందరగా పీల్చుకుని నీలాన్ని మిగులుస్తుంది. అడుగున తెల్లని ఇసుక ఉండి, లోతు తక్కువగా ఉండి, నీటిలో మట్టి కలవకుండా ఉంటే మనం ఫొటోల్లో చూసే ఆ లేత నీలాకుపచ్చ రంగు వస్తుంది. లక్షద్వీప్, మాల్దీవులు పగడపు దిబ్బల మీద ఏర్పడిన దీవులు. వాటిలో ఒండ్రు మోసుకొచ్చే నదులు లేవు. దీవి చుట్టూ ఉన్న పగడపు దిబ్బ పెద్ద అలలను బయటే విరగ్గొడుతుంది కాబట్టి లోపలి మడుగు నిలకడగా, తేటగా ఉంటుంది. అక్కడి ఇసుక కూడా మన ఇసుక వంటిది కాదు. మనది కొండరాయి అరిగి అరిగి నదుల వెంట కొట్టుకొచ్చినది. వారిది పగడాలు, గవ్వలు నలిగి పొడి అయినది. చిలుకముక్కు చేపలు పగడాన్ని కొరికి, నమిలి, విసర్జించిన పొడి కూడా ఆ తెల్లని ఇసుకలో పెద్ద భాగమేనని చెబితే పిల్లలు క్లాసులో నవ్వేవారు గానీ, అది నిజం.

మన తూర్పు తీరంలో ఈ ఏర్పాటు లేదు, ఉండదు కూడా. గోదావరి, కృష్ణ ఏటేటా తెచ్చి పోసే ఒండ్రు వల్ల కాకినాడ నుంచి మచిలీపట్నం దాకా నీరు సహజంగానే మట్టిరంగులో ఉంటుంది. మచిలీపట్నం దగ్గరి మంగినపూడిలో ఒడ్డే నల్లమట్టి. పగడానికి తేటనీరు కావాలి, మట్టి పేరుకుంటే అది బతకదు. కనుక ఆంధ్ర తీరంలో పగడపు మడుగు కోసం వెతకడం దండగ. ఇందులో చిన్నబుచ్చుకోవలసిందేమీ లేదు. ఆ మట్టే లేకపోతే కోనసీమ లేదు, దివిసీమ లేదు, మనం తినే బియ్యంలో చాలా భాగం లేదు. నీటి అడుగున రంగురంగుల చేపలను, పగడాలను కళ్లారా చూడాలన్నది మీ కోరిక అయితే దీవికే వెళ్లండి, లేదా మహారాష్ట్రలోని మాల్వణ్ వైపు వెళ్లండి. ఆ తీరానికి దగ్గరలోనే కొంత పగడం ఉంది, చలికాలంలో నీరు తేరుకున్నాక తార్కర్లీ పరిసరాల్లో నీటి అడుగుకు దింపి చూపించే ఏర్పాట్లు ఉన్నాయి.

అయితే దీవికి వెళ్లి వచ్చినవారిని కూర్చోబెట్టి ఏం నచ్చిందని అడిగి చూడండి. పగడం గురించి చెప్పేవారు కొందరే. ఎక్కువమంది చెప్పేది వేరు: ఇసుక మీద చెత్త లేదు, ఒడ్డు దాకా చెట్లున్నాయి, కంటికి కట్టడాలు కనిపించలేదు, పిల్లలు భయం లేకుండా ఆడుకున్నారు, ఎవరూ చుట్టూ మూగి ఏదో కొనమని వేధించలేదు. అండమాన్‌లో అందరూ మెచ్చుకునే రాధానగర్ బీచ్‌నే తీసుకోండి. 2004లో టైమ్ పత్రిక ఆసియాలోకెల్లా మేలైన బీచ్‌గా దాన్ని ఎంచింది. దాని ఘనత అంతా వెడల్పాటి శుభ్రమైన ఇసుక, వెనుక ఎత్తైన అడవి, ఆ రెండింటి మధ్య హోటళ్ల గోడలు లేకపోవడం. వీటిలో సముద్రం మధ్యన ఉంటే తప్ప సాధ్యపడనిది ఒక్కటి కూడా లేదు. ఇవి మనుషులు కాపాడుకుంటే ఉండేవి, వదిలేస్తే పోయేవి.

ఈ మాటకు ఆధారం కావాలంటే బ్లూ ఫ్లాగ్ జాబితా చూడవచ్చు. 1985లో ఫ్రాన్స్‌లో మొదలై, ఇప్పుడు డెన్మార్క్‌లోని ఒక సంస్థ నిర్వహణలో నడుస్తున్న ఈ గుర్తింపు నీటి నాణ్యత, పరిశుభ్రత, భద్రత, పర్యావరణ అవగాహన వంటి 33 ప్రమాణాల మీద ఇస్తారు. 2020లో మన దేశంలో తొలివిడతగా ఎనిమిది తీరాలకు ఇది దక్కింది. 2022 నాటికి వాటి సంఖ్య 12 అయింది. ఆ పన్నెండింటిలో దీవుల్లో ఉన్నవి మూడే: అండమాన్‌లోని రాధానగర్, లక్షద్వీప్‌లోని మినికోయ్ తుండి, కద్మత్. తక్కిన తొమ్మిదీ నేల మీదివే. కర్ణాటకలోని కాసరకోడ్, పడుబిద్రి, కేరళలోని కప్పాడ్, చెన్నై దగ్గరి కోవళం, పుదుచ్చేరిలోని ఈడెన్, ఒడిశాలోని పూరీ గోల్డెన్ బీచ్, గుజరాత్‌లోని శివరాజ్‌పూర్, దీవ్‌లోని ఘోఘ్లా, మన విశాఖపట్నంలోని రుషికొండ. వీటిలో ఘోఘ్లాది ఒక తమాషా. దీవ్ అనగానే అందరూ దీవి అనుకుంటారు, అది దీవే. కానీ ఆ జిల్లాలో బ్లూ ఫ్లాగ్ వచ్చిన బీచ్ మాత్రం వంతెన ఇవతల, ప్రధాన భూభాగంలో ఉంది. రుషికొండ కథ మనకు పాఠం కూడా. 2025 ఆరంభంలో నిర్వహణ లోపాల వల్ల ఆ గుర్తింపు కొంతకాలం చేజారి, యంత్రాంగం కదిలి లోపాలు సరిదిద్దాక మళ్లీ వచ్చింది. సముద్రం మారలేదు, కొండ మారలేదు. మారింది ఊడ్చేవారు, చూసుకునేవారు వచ్చారా లేదా అన్నదే.

ఇక కంటికి ఇంపైన తీరం కోసం పటంలో ఎక్కడ వెతకాలన్న ప్రశ్న. నా లెక్క ప్రకారం రెండు గుర్తులు చాలు. ఒకటి, పెద్ద నది మొగకు దూరంగా ఉండాలి. రెండు, కొండ గానీ రాతి గుట్ట గానీ సముద్రంలోకి చొచ్చుకుని వచ్చి ఉండాలి. అలాంటి చోట ఒడ్డు వంపు తిరిగి, అలల ఉరవడి కొంత తగ్గి, నీరు తేటపడుతుంది. తూర్పు కనుమలు సముద్రాన్ని తాకే చోటు విశాఖ కనుకనే యారాడ, రుషికొండ, భీమిలి అందంగా ఉన్నాయి. మూడువైపులా కొండలు, నాలుగోవైపు సముద్రం ఉన్న యారాడను ఘాట్ రోడ్డు మలుపు మీద నుంచి తొలిసారి చూసినవారు దీవుల ఊసెత్తరు. పశ్చిమాన అయితే కనుమలు తీరానికి మరింత దగ్గరగా నడుస్తాయి. గోకర్ణంలో మహాబలేశ్వరుని దర్శనం చేసుకుని వెనక్కి తిరిగే మన యాత్రికుల్లో చాలామందికి, ఆ గుట్ట దాటితే కూడ్లే, ఓం, హాఫ్ మూన్, ప్యారడైజ్ అని ఒకదాని పక్కన ఒకటి నాలుగు వంపులున్నాయని తెలియదు. కేరళలో వర్కల మరో రకం. అక్కడ ఎర్రటి జేగురు రాతి చరియ నిట్టనిలువుగా లేచి ఉంటుంది, దాని కింద సన్నని ఇసుక పట్టీ, దాని ముందు అరేబియా సముద్రం. అలాంటి దృశ్యం మాల్దీవుల్లో వెతికినా దొరకదు, ఎందుకంటే ఆ దీవులు సముద్రమట్టానికి మనిషి ఎత్తుకు అటూ ఇటూగా మాత్రమే ఉంటాయి.

తిరుపతి, చిత్తూరు వాసులకు ఇవి అందరాని చోట్లేమీ కావు. లక్షద్వీప్ వెళ్లాలంటే మన దేశంవారికే ప్రవేశ అనుమతి పత్రం కావాలి, ఓడకైతే సాధారణంగా కొచ్చి దాకా పోవాలి, లేదా అక్కడి అగత్తి దీవికి విమానం ఎక్కాలి. అండమాన్‌కు చెన్నై నుంచో విశాఖ నుంచో ఓడలో వెళితే సుమారు మూడు రోజుల ప్రయాణం. విమానమైతే పండుగ రోజుల్లో నలుగురున్న కుటుంబానికి టికెట్ ధర గుండె గుభేలుమనిపిస్తుంది. అదే తిరుపతి నుంచి విశాఖకు రాత్రి ఎక్కితే ఉదయానికి దిగే రైళ్లున్నాయి, పూరీకి నేరుగా రైలు ఉంది, కొల్లాంకు ఉంది. కొల్లాంలో దిగితే వర్కల దగ్గరే. చిత్తూరువారికి కాట్పాడి ఉండనే ఉంది. అక్కడ మంగళూరు మెయిల్ ఎక్కితే కోళికోడ్ మీదుగా పోయి మంగళూరులో దింపుతుంది, కప్పాడ్ దారిలోనే, పడుబిద్రి మంగళూరు దాటాక కొద్ది దూరంలోనే. రామేశ్వరానికి తిరుపతి నుంచి రైలు ఉంది, 2025 ఏప్రిల్‌లో కొత్త పాంబన్ వంతెన ప్రారంభమైంది కాబట్టి మళ్లీ సముద్రం మీదుగానే రైలు దీవిలోకి పోతుంది. అవును, రామేశ్వరం దీవే. తాతల కాలం నుంచి మనవాళ్లు దీవికి వెళ్లి సముద్ర స్నానం చేసి వస్తూనే ఉన్నారు, ప్యాకేజీ అనే మాట తెలియకుండానే. 1964 డిసెంబరు తుపానులో తుడిచిపెట్టుకుపోయిన ధనుష్కోటి దగ్గర రెండువైపులా రెండు సముద్రాలు, మధ్యన సన్నని ఇసుక నాలుక. నడవడానికి, చూడడానికి అంతకు మించిన చోటు లేదు గానీ అక్కడి నీళ్లలో ఈతకు దిగడం ప్రాణాలతో చెలగాటం.

ఈతకు దిగడం గురించి కొంచెం ఎక్కువ రాయక తప్పదు, ఎందుకంటే దీవికీ నేలకూ నిజమైన తేడా ఇక్కడే ఉంది. పగడపు మడుగులో నీరు నడుము లోతున చాలా దూరం దాకా నిలకడగా ఉంటుంది. మన ఒడ్డు తెరిచి ఉన్న ఒడ్డు. అలలు నేరుగా వచ్చి ఇసుక మీద విరుగుతాయి, వచ్చిన నీరంతా ఏదో ఒక సందు చూసుకుని తిరిగి లోపలికి పోవాలి. అలా పోయే చోట సముద్రంలోకి ఈడ్చుకుపోయే ప్రవాహం ఏర్పడుతుంది. విచిత్రమేమిటంటే చూసే కంటికి అదే ప్రశాంతమైన చోటులా కనబడుతుంది: అటూ ఇటూ తెల్లటి నురుగుతో అలలు విరుగుతుంటే, మధ్యలో ఒక పట్టీ మేర అలలు విరగకుండా, కాస్త ముదురు రంగులోనో మట్టి కలిసినట్టుగానో ఉంటుంది. పిల్లలను తీసుకుని వెళ్లినవారు అల లేదు కదా అని సరిగ్గా అక్కడే దిగుతారు. అందులో చిక్కుకున్నవారు ఒడ్డు వైపే ఈదాలని ఊపిరి ఆగేదాకా పెనుగులాడతారు. ఎంత గజఈతగాడైనా ఆ ప్రవాహానికి ఎదురీది గెలవలేడు. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈదితే కొంత దూరంలో దాని పట్టు తప్పుతుంది. ఈత రానివారు కంగారుపడకుండా వెల్లకిలా తేలుతూ చేయి పైకెత్తి సాయం కోసం పిలవాలి. నదుల మొగల దగ్గర, కొత్తగా ఇసుక తెగిన చోట అడుగున ఒక్కసారిగా లోయ ఉంటుంది కనుక అక్కడికి అసలు పోకూడదు. మత్స్యకారులకు ఇదంతా పుట్టుకతో తెలుసు. ఎక్కడ దిగవచ్చో ఆ ఊరివారిని ఒక్క మాట అడిగితే చెబుతారు, అడిగేవారే తక్కువ.

రెండో తేడా కాలానికి సంబంధించినది, మనవారిని ఎక్కువగా దెబ్బ తీస్తున్నది కూడా ఇదే. తూర్పు తీరంలో జూలై నుంచి నదులకు వరదలు వచ్చి నీరు మట్టెక్కుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాలు, వాయుగుండాలు. దక్షిణ కోస్తా సముద్రం ఏడాదిలోకెల్లా మహోగ్రంగా ఉండేది అప్పుడే. మనవారు కార్తీక మాసపు వనభోజనాలని, కార్తీక పౌర్ణమి స్నానాలని బస్సులు కట్టుకుని ఒడ్డుకు వెళ్లేదీ సరిగ్గా అప్పుడే. జనవరి నుంచి ఏప్రిల్ మొదలు వరకు గాలి తగ్గుతుంది, నీరు తేరుకుంటుంది, ఎండ ఇంకా ముదరదు. మాఘ స్నానాలకు పెద్దలు పెట్టిన నెల ఈ లెక్కకు సరిగ్గా సరిపోతుంది. పడమటి తీరానికి జూన్ నుంచి సెప్టెంబరు వరకు నైరుతి ఉధృతి. ఆ నాలుగు నెలలూ అక్కడి సముద్రాన్ని గట్టు మీద నుంచి చూడాల్సిందే. అక్టోబరు తర్వాత అది శాంతిస్తుంది, నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా బ్రహ్మాండంగా ఉంటుంది. కనుక రెండు తీరాలకూ కుదిరే సెలవు ఏదంటే సంక్రాంతి సెలవే. వేసవిలోనే తప్ప తీరిక దొరకని ఉపాధ్యాయ కుటుంబాలు, పిల్లల తల్లిదండ్రులు పడమటికి వెళ్లదలిస్తే మే నెల సగం కాకముందే వెళ్లి రావడం మేలు. తప్పు నెలలో వెళ్లి, ఎర్రజెండా పాతిన ఒడ్డున గొడుగు కింద నిలబడి, మన దేశంలో బీచ్‌లే బాగుండవు అనడం న్యాయం కాదు.

ఇప్పుడు మన ఇంటి ముంగిటి సంగతి. చిత్తూరు జిల్లాగా ఉన్నంతకాలం మాకు సముద్రం లేదు. ఉద్యోగకాలమంతా బోర్డు మీద రాష్ట్ర పటం గీసి కోస్తా జిల్లాల పేర్లు చెప్పించేటప్పుడు మా జిల్లాను దాటేసేవాళ్లం. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజన జరిగి వాకాడు, సూళ్లూరుపేట, తడ వంటి మండలాలు తిరుపతి జిల్లాలోకి వచ్చేసరికి, వేంకటేశ్వరుని జిల్లాకు సముద్రం కూడా వచ్చి చేరింది. ఇంతకీ మన జిల్లాకూ సొంతంగా ఒక పెద్ద దీవి ఉంది. పులికాట్ సరస్సుకూ బంగాళాఖాతానికీ మధ్య పొడవుగా పడుకుని ఉన్న శ్రీహరికోట, ఒడ్డంతా ఇసుక, లోపలంతా అడవి. అయితే 1971 నుంచి అక్కడ నుంచి రాకెట్లు ఎగురుతున్నాయి కాబట్టి ఆ తీరం మనబోటివారికి కాదు. అందువల్లనే కాబోలు ఇంకా చెక్కుచెదరకుండా ఉంది.

మనం వెళ్లగలిగినది దానికి ఉత్తరాన వాకాడు మండలంలో ఉన్న తూపిలిపాలెం. తిరుపతి నుంచి శ్రీకాళహస్తి, నాయుడుపేట మీదుగా వంద కిలోమీటర్లకు కాస్త పైన. మన ఊరి పక్కనుంచి పారే స్వర్ణముఖి, తిరుచానూరును, శ్రీకాళహస్తిని చూసుకుంటూ పోయి, వాకాడు బ్యారేజి దాటి సముద్రంలో కలిసేది ఆ ప్రాంతంలోనే. ఆ చుట్టుపక్కల దుగరాజపట్నం ఉంది. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీవారు 1639లో మద్రాసులో స్థలం సంపాదించక ముందు ఆర్మగాన్ పేరుతో వర్తక స్థావరం పెట్టుకున్న తీరం అదే. కోట, చిల్లకూరు, వాకాడు ప్రాంతపు తెల్లటి సిలికా ఇసుక గాజు పరిశ్రమలకు లారీల్లో తరలిపోతుంటుంది. తెల్ల ఇసుక కోసం మాల్దీవులకు వెళ్లే మనం, మన తెల్ల ఇసుకను గాజు సీసాలుగా మార్చి, ఆ సీసాలనే తీసుకెళ్లి ఒడ్డున పగలగొట్టి వస్తున్నామంటే అతిశయోక్తి అనుకోకండి. ఆదివారం సాయంత్రం జనం వెళ్లిపోయాక అక్కడ చెప్పులు లేకుండా నడవబోయినవారికి తెలుస్తుంది.

అక్కడికి వెళ్లవలసింది మాఘ, ఫాల్గుణ మాసాల్లో, తెల్లవారుజామున. సరుగుడు తోటలు దాటి ఇసుక ఎక్కేసరికి అలివి వల లాగుతున్నవారు కనిపిస్తారు. వలను పడవలో తీసుకెళ్లి సముద్రంలో అర్ధచంద్రాకారంగా దింపి వస్తారు. దాని రెండు మోకులను ఒడ్డున రెండు బారులుగా నిలబడి, మడమలు ఇసుకలో దిగేసి, వెనక్కి వాలి లాగుతారు. చివరన ఉన్న మనిషి మోకును చుట్టగా చుట్టి వదిలి, ముందుకు పరుగెత్తి మళ్లీ నీటి అంచు దగ్గర పట్టుకుంటాడు. రెండు బారులూ మెల్లగా ఒకదానికొకటి దగ్గరవుతాయి. వల సంచి ఇసుక మీదికి వచ్చాక అందులో నెత్తళ్లు, కవళ్లు, సావిడాయిలు వెండిలా కొట్టుకుంటుంటే ఆడవారు బుట్టలతో చుట్టూ చేరి, ఏరి, అక్కడికక్కడే బేరం తెగ్గొడతారు. ఎండ పొద్దెక్కక ముందు నీరు ఒడ్డున గాజుపచ్చగా, లోపల నిండు నీలంగా ఉంటుంది. ఎర్రపీతలు మన అడుగుల చప్పుడు విని బొరియల్లోకి దూరిపోతాయి. మాల్దీవుల నీలం ఇక్కడ లేదు, నేను ఉందని చెప్పను. అక్కడ డబ్బు పోసి కొనుక్కునే ఏకాంతం మాత్రం ఇక్కడ ఉచితంగా ఉంది, అదీ పని చేసుకుంటున్న మనుషుల మధ్యన. నాకు దీవి రిసార్టు కన్నా ఇదే ఎక్కువ నచ్చుతుంది. అందరికీ నచ్చాలని లేదు.

ఈ తీరానికి ఏమేమి కావాలో చెప్పేటప్పుడు కూడా జాగ్రత్త అవసరం. పర్యాటక అభివృద్ధి అనగానే మన దగ్గర ముందుగా లేచేది సిమెంటు: స్వాగత తోరణం, సెల్ఫీ కోసం పెద్ద పెద్ద అక్షరాలు, ఒడ్డు అంచున కాంక్రీటు గట్టు, దాని మీద రంగురంగుల దీపాలు. రాధానగర్ పేరు నిలిపింది ఇవి కావు. పైగా జనవరి నుంచి మార్చి దాకా తాబేళ్లు మన తీరానికి వచ్చి గుడ్లు పెట్టే కాలం. గుడ్డు పగిలి బయటికి వచ్చిన పిల్లలు సముద్రపు మెరుపును చూసి నీటి వైపు నడుస్తాయి, ఒడ్డున విద్యుద్దీపాలుంటే దారి తప్పి వాటి వైపు పోయి చస్తాయి. తీరప్రాంత నియంత్రణ నిబంధనలు 1991 నుంచి ఉన్నాయి, 2019లో వాటిని కొంత సడలించారు; సడలించారు కదా అని సరుగుడు తోట నరికి కట్టడం మొదలుపెడితే మనం ఏ అందం కోసం వచ్చామో అదే మిగలదు. కావలసినవి చిన్నవే. సెలవు రోజుల్లో మాత్రమే కాక రోజూ ఉండే, ఆ ఊరి మత్స్యకార యువకులకే శిక్షణ ఇచ్చి జీతమిచ్చి నియమించిన ఈత రక్షకులు. దిగదగిన హద్దు చూపించే రెండు జెండాలు. ఒడ్డుకు దూరంగా, తోట వెనుక, ఆడవారు తలుపు వేసుకుని బట్టలు మార్చుకోగల గదులు, మరుగుదొడ్లు, వాటికి నీళ్లు. గాజు సీసాలను దారిలోనే ఆపే తనిఖీ. రోజూ ఊడ్చే మనుషులు, ఊడ్చినదాన్ని సముద్రం పక్కనే తగలబెట్టకుండా తీసుకుపోయే బండి. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా యాంత్రిక పడవల వేటకు నిషేధం ఉంటుంది. ఆదాయం పడిపోయే ఆ రెండు నెలల్లో మత్స్యకార కుటుంబాలకు ఒడ్డున ఇటువంటి పని దొరికితే వారికీ ఊరట, వచ్చినవారికీ భద్రత.

మరో మాట. తిరుమలకు వచ్చే భక్తులు శ్రీకాళహస్తి చూసి, సమయం ఉంటే తలకోనకో కాణిపాకానికో వెళుతున్నారు. వారిలో రాజస్థాన్, మధ్యప్రదేశ్, తెలంగాణ వంటి సముద్రం లేని రాష్ట్రాలవారు ఎందరో. దర్శనం అయ్యాక సముద్రం ఎక్కడ అని అడిగితే మన ఆటోవాళ్లు, హోటలువాళ్లు చెన్నై మెరీనా అని చెబుతున్నారు. రద్దీ మెరీనాకు పంపే బదులు, శ్రీకాళహస్తి నుంచి నాయుడుపేట మీదుగా ఉదయం వెళ్లి సాయంత్రానికి తిరిగి వచ్చే ఒక ఆర్టీసీ బస్సు ఉంటే, శీతాకాలంలో పులికాట్ కొంగలను, నేలపట్టు గూడబాతులను కూడా అదే దారిలో కలుపుకోవచ్చు. కానీ జనాన్ని పంపించడానికి ముందే పైన చెప్పిన రక్షకులు, జెండాలు ఉండి తీరాలి. ఆ వరస తారుమారైతే వచ్చేది పర్యాటకం కాదు, పత్రికల్లో విషాద వార్తలు.

చివరిగా మీ పత్రికకు ఒక విన్నపం. మీరు ఏ తీరం గురించి వ్యాసం వేసినా, దాని కింద చిన్న పెట్టె కట్టి నాలుగు వివరాలు ఇవ్వండి: అక్కడ సముద్రం ఏ నెలల్లో శాంతంగా ఉంటుంది, ఈత రక్షకులు ఉన్నారా లేరా, ఏ చోట దిగకూడదు, ఆఖరి బస్సు ఎన్ని గంటలకు. ఫొటోను రంగులు పెంచి వేయకుండా ఏ నెలలో తీసినదో రాయండి. ఇదే పద్ధతిలో తూపిలిపాలెం, నెల్లూరు జిల్లాలోని మైపాడు, కోడూరు తీరాలతో మొదలుపెట్టి, వచ్చే సంక్రాంతి సెలవులకు ముందే ఒక వరుస ప్రచురించగలిగితే మా జిల్లా పాఠకులకు ఎంతో ఉపయోగపడుతుంది. వాకాడు బస్సుల వేళలు ప్రస్తుతం నాయుడుపేట బస్టాండులో అడిగితే తప్ప తెలియడం లేదు కనుక, కనీసం అవైనా జిల్లా పుటలో ముందుగా వేయవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
తిరుపతి